ఇంటి రూటర్‌లో డీఎన్ఎస్ ఫిల్టర్: జవాబు ఎవరు చెబుతున్నారో ముందు తేల్చుకోండి

రూటర్‌లో డీఎన్ఎస్ ఫిల్టర్ పెట్టుకున్నవారి ఫిర్యాదులు రెండే రకాలు. ఫిల్టర్ పెట్టినా రాకూడని సైట్లు వస్తూనే ఉన్నాయన్నది మొదటిది. ఫిల్టర్ పెట్టాక రావలసినవి కూడా రావడం లేదన్నది రెండోది. విశాఖ గాజువాకలో కేబుల్ ఆపరేటర్ బిగించిన ఫైబర్ బాక్సయినా, మధురవాడ అపార్ట్‌మెంట్‌లో సొంతంగా కొనుక్కున్న ఖరీదైన రూటరయినా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ ఫోను ఒక సైటు పేరు అడిగినప్పుడు జవాబు ఇస్తున్నది ఎవరు? అది తేలకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే సాయంత్రానికి ఏది మార్చారో మీకే గుర్తుండదు.

ఈ సంగతులు కొత్తవారికి క్లుప్తంగా చెబుతాను. నెట్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి నంబర్లతోనే వెతుక్కుంటాయి. పేరు చెబితే నంబరు చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్. 1983లో పాల్ మొకాపెట్రిస్ దీన్ని రూపొందించారు. ఫిల్టర్ చేసే సర్వీసు తన నిషిద్ధ జాబితాలో ఉన్న పేరును ఎవరైనా అడిగితే అలాంటి పేరే లేదంటుంది, లేదా 0.0.0.0 అనే పనికిరాని నంబరు చేతిలో పెడుతుంది. అది చేసే పని అంతే కాబట్టి అద్భుతాలు ఆశించకండి. ఒక సైటును మొత్తంగా ఆపగలదు కానీ యూట్యూబ్‌లో ఒక్క వీడియోను ఆపలేదు. మీ అబ్బాయి వైఫై కట్టేసి మొబైల్ డేటాకు మారితే రూటర్‌కు ఆ సంగతే తెలియదు.

సర్వీసు ఎంపిక

దీనిమీద ఎక్కువసేపు తలపట్టుకోనక్కరలేదు. మోసపు సైట్లు, వైరస్ సైట్లు మాత్రమే ఆగితే చాలనుకుంటే క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.2, 1.0.0.2 గానీ, క్వాడ్9 వారి 9.9.9.9, 149.112.112.112 గానీ పెట్టుకోండి. అశ్లీల సైట్లు కూడా ఆగాలంటే క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.3, 1.0.0.3 ఉన్నాయి, ఓపెన్‌డీఎన్ఎస్ ఫ్యామిలీషీల్డ్ 208.67.222.123, 208.67.220.123 ఉన్నాయి. ప్రకటనలూ తగ్గాలి, వెతుకులాటలో సేఫ్ సెర్చ్ కూడా ఉండాలి అనుకుంటే యాడ్‌గార్డ్ ఫ్యామిలీ 94.140.14.15, 94.140.15.16. ఇవన్నీ ఉచితమే, ఖాతా అవసరం లేదు.

ఖాతా తెరిచి ఏ సైట్లు ఆపాలో మీరే ఎంచుకునే సర్వీసులూ ఉన్నాయి. వాటిలో కొన్ని మిమ్మల్ని మీ ఐపీ అడ్రస్‌ను బట్టే గుర్తుపడతాయి. అవి తీసుకునే ముందు రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే ఆపరేటర్ వైపునుంచి రూటర్‌కు వచ్చిన నంబరు చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఆపరేటర్ ఒకే బయటి అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచుతున్నట్టు లెక్క. అప్పుడు మీ ఖాతా నియమాలు మీ ఇంటికి సరిగా అంటవు. అలాంటి కనెక్షన్‌కు, అడ్రస్‌తో పని లేకుండా మీకంటూ ఒక ప్రత్యేకమైన సర్వర్ పేరు ఇచ్చే సర్వీసే సరైనది.

నంబర్లు ఎక్కడ రాయాలి

రూటర్ పేజీ తెరవండి. సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, లాగిన్ వివరాలు బాక్సు అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల డీఎన్ఎస్ అన్న మాట రెండు చోట్ల కనిపిస్తుంది. వాన్ లేదా ఇంటర్నెట్ పేజీలో రాసేది, రూటర్ తాను ఎవరిని అడగాలో చెబుతుంది. లాన్ (ఇంటిలోపలి నెట్‌వర్క్) కింద డీహెచ్‌సీపీ, అంటే ఇంట్లోని పరికరాలకు అడ్రస్‌లు పంచే ఏర్పాటు పేజీలో రాసేది, ఇంట్లోని ఫోన్లు నేరుగా ఎవరిని అడగాలో చెబుతుంది. డీహెచ్‌సీపీలో పాత నంబర్లు మిగిలి ఉంటే వాన్‌లో ఎంత జాగ్రత్తగా రాసినా ప్రయోజనం లేదు, ఫోన్లు రూటర్‌ను అడగకుండానే పక్కనుంచి వెళ్లిపోతాయి. నా సలహా: వాన్‌లో ఫిల్టర్ నంబర్లు రాయండి, డీహెచ్‌సీపీలో రూటర్ సొంత అడ్రస్ మాత్రమే ఉంచండి. అప్పుడు ప్రశ్నలన్నీ ఒకే ద్వారం గుండా వెళతాయి. రూటర్ ఆ పని చేయలేని రకమైతే డీహెచ్‌సీపీలోనే ఫిల్టర్ నంబర్లు రాయండి.

ఆపరేటర్లు ఇచ్చే బాక్సుల్లో చాలావాటికి డీఎన్ఎస్ గడి మార్చడానికి వీలు ఉండదు. మార్చినా కొన్నిట్లో మర్నాటికి పాత నంబర్లే వచ్చి కూర్చుంటాయి. ఆపరేటర్ దూరం నుంచి తన బాక్సులను సరిచేసుకునే టీఆర్-069 అనే పద్ధతి దీనికి తరచుగా కారణం. దానితో పోట్లాడటం దండగ. చిన్న సొంత రూటర్ ఒకటి కొని, దాని వాన్ పోర్టును ఆపరేటర్ బాక్సు లాన్ పోర్టుకు కలపండి, ఫిల్టర్‌ను సొంతదానిలో పెట్టండి. ఇక్కడ రెండు విషయాలు మరిచిపోవద్దు. రెండు పెట్టెలూ 192.168.1.1 అంటూ కూర్చుంటే ఏదీ నడవదు, కాబట్టి మీ రూటర్‌కు 192.168.50.1 లాంటిది ఇవ్వండి. రెండోది ఇంకా ముఖ్యం: ఆపరేటర్ బాక్సు వైఫైని ఆపేయండి. దాని పాస్‌వర్డ్ ఇంట్లో అందరి ఫోన్లలో ఉంటుంది. ఆపకపోతే ఆ ఫోన్లు హాయిగా ఫిల్టర్ లేని దారినే పట్టుకుంటాయి.

జవాబు ఎవరిదో పట్టుకోవడం

ముందుగా ఫోను వైఫై ఆపి ఆన్ చేయండి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. పాత జవాబులు కొంతసేపు గుర్తుపెట్టుకోవడం డీఎన్ఎస్ స్వభావం. మార్పు చేసిన మరుక్షణం పరీక్షించి పనిచేయలేదని తేల్చేయడం తొందరపాటు.

తర్వాత, మీ సర్వీసు తానే పెట్టిన పరీక్షా పేజీ తెరవండి. క్లౌడ్‌ఫ్లేర్‌కు మాల్వేర్.టెస్ట్‌కేటగిరీ.కామ్ ఉంది. అది తెరుచుకోకపోతేనే మీ ఫిల్టర్ పనిచేస్తున్నట్టు. క్వాడ్9కు ఆన్.క్వాడ్9.నెట్, ఓపెన్‌డీఎన్ఎస్‌కు వెల్‌కమ్.ఓపెన్‌డీఎన్ఎస్.కామ్ ఉన్నాయి, మీరు వారి సర్వీసులో ఉన్నారో లేదో అవి ముఖం మీదే చెబుతాయి. పరీక్ష కోసం నిజమైన మోసపు సైటు పేరు కొట్టి చూడకండి. ఫిల్టర్ పనిచేయకపోతే పరీక్ష ఫలితం మీ కంప్యూటర్‌లోనే తేలుతుంది.

కంప్యూటర్‌లో ఎన్ఎస్‌లుకప్ కమాండ్ కూడా వాడవచ్చు. పరీక్షా పేరు ఇస్తే పైన ఏ సర్వర్‌ను అడిగిందో, కింద ఏ జవాబు వచ్చిందో చూపిస్తుంది. పైన 192.168తో మొదలయ్యే మీ రూటర్ అడ్రస్ ఉండి, కింద 0.0.0.0 గానీ, అలాంటి పేరే లేదని గానీ వచ్చిందంటే అంతా సవ్యం. పైన అదీ కాక, మీరు రాసిన ఫిల్టర్ నంబరూ కాక ఇంకేదో ఉంటే ఆ కంప్యూటర్ రూటర్ మాట వినడం లేదు. దాని నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఎవరో ఎప్పుడో చేత్తో రాసిన డీఎన్ఎస్ మిగిలి ఉంటుంది.

సెట్టింగులన్నీ సరిగానే ఉన్నా పరీక్షలో ఫిల్టర్ లేనట్టే తేలుతోందనుకోండి. అప్పుడు ఎన్ఎస్‌లుకప్‌కు ఏదైనా సైటు పేరు, దాని పక్కన 192.0.2.1 ఇచ్చి అడగండి. ఆ అడ్రస్ పుస్తకాల్లో ఉదాహరణలకోసం కేటాయించినది, అక్కడ ఏ సర్వరూ ఉండదు. కాబట్టి జవాబు రాకూడదు. వచ్చిందంటే మధ్యలో ఎవరో మీ ప్రశ్నను ఆపి తామే జవాబు చెబుతున్నారు. మీ రూటర్‌లో మీరే దారి మళ్లింపు పెట్టి ఉండకపోతే ఆ పని చేస్తున్నది ఆపరేటర్ బాక్సో, ఆపరేటరో. మామూలు డీఎన్ఎస్ ప్రశ్న 53వ పోర్టు (ఇది వైరు గుచ్చే పోర్టు కాదు, ఒక్కో రకం పనికి కేటాయించిన ద్వారం నంబరు) మీద ఎవరైనా చదవగలిగేలా వెళుతుంది కాబట్టి ఇది సాధ్యం. దీనికి మందు డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్, అంటే ప్రశ్నను గుప్తలిపిలో 853వ పోర్టు మీద పంపడం. మీ రూటర్‌లో ఆ సౌకర్యం ఉంటే వెంటనే ఆన్ చేయండి.

ఎక్కడ కారుతోంది

నా లెక్కలో మొదటి దొంగ సెకండరీ డీఎన్ఎస్ గడి. చాలామంది మొదటి గడిలో ఫిల్టర్ నంబరు, రెండో గడిలో ఎందుకైనా మంచిదని గూగుల్ 8.8.8.8 రాస్తారు. రెండోది స్టెప్నీ టైరు కాదు. మొదటిది ఆగితేనే దాని దగ్గరకు వెళ్లాలన్న నియమం ఏదీ లేదు. పరికరం తనకు తోచినప్పుడు దేన్నయినా అడుగుతుంది. ఒకే సైటు పొద్దున ఆగి మధ్యాహ్నం తెరుచుకుంటుంటే ముందు ఈ గడినే అనుమానించండి. రెండు గడులలోనూ ఒకే సర్వీసు వారి రెండు నంబర్లే ఉండాలి.

రెండోది ఐపీవీ6, అంటే కొత్త తరహా పొడవాటి అడ్రస్‌లు; ఇంతవరకు మనం రాసిన చుక్కల నంబర్లు పాత తరహావి, ఐపీవీ4. ఫోనులో వైఫై వివరాలు తెరిచి డీఎన్ఎస్ వరుస చూడండి. మీరు రాసిన నంబర్ల పక్కన కోలన్లతో పొడవాటి అడ్రస్ ఇంకొకటి ఉంటే, అది ఆపరేటర్ పంపిన ఐపీవీ6 డీఎన్ఎస్. ఫోను చాలాసార్లు దాన్నే అడుగుతుంది, మీరు రాసిన ఐపీవీ4 నంబర్లు అలంకారానికి మిగులుతాయి. రూటర్‌లో ఐపీవీ6 డీఎన్ఎస్ గడి ఉంటే అక్కడ కూడా ఫిల్టర్ అడ్రస్‌లు రాయండి. క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీకి 2606:4700:4700::1113, 2606:4700:4700::1003. గడి లేకపోతే లాన్ వైపు ఐపీవీ6ను ఆపేయడమే మార్గం. నెట్‌వర్క్ పండితులు దీనికి ఒప్పుకోరు, వారి వాదనలో న్యాయమూ ఉంది. కానీ పిల్లలున్న ఇంట్లో సగం పనిచేసే ఫిల్టర్ కంటే అదే నయం.

మూడోది ఫోన్లే. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అన్న సెట్టింగు ఉంది. అది ఆటోమేటిక్‌లో ఉంటే భయం లేదు, నెట్‌వర్క్ ఇచ్చిన సర్వర్‌నే గుప్తలిపిలో అడగడానికి ప్రయత్నిస్తుంది. అందులో వేరే సర్వర్ పేరు రాసి ఉంటే మాత్రం మీ రూటర్‌ను దాటిపోతుంది. రూటర్‌లో లోపలినుంచి బయటకు వెళ్లే 853వ పోర్టును మూసేయండి. రూటర్ తాను వాడే దారి మాత్రం తెరిచి ఉంచండి. అప్పుడు చాలాసార్లు ఆ ఫోనుకు వైఫైలో నెట్టే రాదు. మీ అమ్మాయి తానే వచ్చి నెట్ ఎందుకు రావడం లేదని అడుగుతుంది, సంభాషణ అక్కడ మొదలుపెట్టవచ్చు.

బ్రౌజర్ల సంగతి ఇంకొంచెం చిక్కు. డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో ప్రశ్న 443వ పోర్టు మీద, అంటే మామూలు సైట్లు వెళ్లే దారిలోనే వెళుతుంది. పోర్టు మూస్తే ఇంటర్నెట్టే మూతపడుతుంది. క్రోమ్ మామూలుగా మీరు ఇచ్చిన సర్వీసునే వాడుకుంటుంది, దాని జోలికి పోనక్కరలేదు. ఫైర్‌ఫాక్స్ అయితే యూజ్-అప్లికేషన్-డీఎన్ఎస్.నెట్ అన్న పేరును అడిగి చూస్తుంది. అలాంటి పేరే లేదని జవాబు వస్తే, ఈ ఇంట్లో ఫిల్టర్ ఉందని అర్థం చేసుకుని తన గుప్త డీఎన్ఎస్‌ను తనంతట తాను ఆన్ చేసుకోదు. పైహోల్, యాడ్‌గార్డ్ హోమ్ వంటి సొంత డీఎన్ఎస్ ఫిల్టర్ ప్రోగ్రాములను ఇంట్లోనే నడిపేవారు ఈ పేరు సంగతి చూసుకోవాలి. అయితే మనిషి చేత్తో ఆన్ చేసుకుంటే ఈ మర్యాద వర్తించదు. ఐఫోన్లలో డబ్బు కట్టి వాడే ప్రైవేట్ రిలే (మీ రాకపోకలను దాచిపెట్టే ఆపిల్ సౌకర్యం) కూడా ఫిల్టర్‌ను తప్పిస్తుంది, మాస్క్.ఐక్లౌడ్.కామ్, మాస్క్-హెచ్2.ఐక్లౌడ్.కామ్ అన్న రెండు పేర్లను ఆపితే ఈ నెట్‌వర్క్‌లో అది కుదరదని ఫోనే చెబుతుంది.

టీవీకి తగిలించే క్రోమ్‌కాస్ట్ వంటివి రూటర్ ఏం చెప్పినా 8.8.8.8నే అడుగుతాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ ఉన్న రూటర్లలో ఫైర్‌వాల్ నియమం పెట్టి 53వ పోర్టుకు వెళ్లే ప్రశ్నలన్నిటినీ రూటర్‌కే మళ్లించవచ్చు. ఏసస్ రూటర్లకు వేసుకునే ఏసస్‌వర్ట్-మెర్లిన్ సాఫ్ట్‌వేర్‌లో డీఎన్ఎస్ డైరెక్టర్ అన్న పేజీ ఇదే పని చేస్తుంది. మామూలు ఫైబర్ బాక్సులో ఇది కుదరదు. గెస్ట్ వైఫై ఉంటే దాని డీహెచ్‌సీపీ కూడా ఒకసారి చూడండి.

ఏదీ రానప్పుడు

తప్పు డీఎన్ఎస్‌దేనా అన్నది ముందు తేలాలి. కంప్యూటర్‌లో పింగ్ 9.9.9.9 కొట్టండి. నంబరుకు కూడా జవాబు రాకపోతే లైనే లేదు. ఫైబర్ బాక్సు మీద ఎర్ర దీపం వెలుగుతోందేమో చూసి ఆపరేటర్‌కు ఫోన్ చేయండి. బీచ్‌కు దగ్గరగా పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు ఉన్నవారు లాన్ సాకెట్ లోపలి పిన్నులు కూడా చూడండి, ఉప్పుగాలికి చిలుము పట్టి అప్పుడప్పుడు కనెక్షన్ వదిలేస్తాయి. నంబరుకు జవాబు వచ్చి పేరుకు రాకపోతేనే అది డీఎన్ఎస్ వ్యవహారం.

కరెంటు పోయి వచ్చాకే ఈ జబ్బు వస్తోందంటే కారణం దాదాపుగా చెప్పేయవచ్చు. ఇంటి రూటర్లలో చాలావాటికి గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చి లేచేసరికి వాటి తేదీ ఏ 1970కో, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకో వెళ్లిపోతుంది. మీరు డీఎన్ఎస్ ఓవర్ టీఎల్ఎస్ ఆన్ చేసి ఉంటే, అవతలి సర్వర్ తన గుర్తింపుగా చూపించే సర్టిఫికెట్ ఆ తేదీకి చెల్లదు కాబట్టి రూటర్ దాన్ని తిరస్కరిస్తుంది. సరైన సమయం తెలుసుకోవాలంటే టైమ్ సర్వర్‌ను అడగాలి. దాని పేరుకు నంబరు కావాలంటే డీఎన్ఎస్ నడవాలి. డీఎన్ఎస్ నడవాలంటే సమయం సరిగా ఉండాలి. రూటర్ ఈ చుట్టులోనే తిరుగుతూ ఉండిపోతుంది, మీరు ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా మారదు. రూటర్ టైమ్ సెట్టింగులో సర్వర్ పేరుకు బదులు నంబరు రాయండి; క్లౌడ్‌ఫ్లేర్ టైమ్ సర్వర్ 162.159.200.1 పనికొస్తుంది. దానితో చిక్కు విడిపోతుంది. రూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోవడం కూడా మంచిదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరికి కరెంటు సంగతి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఒక్క సైటో, ఒక్క యాపో రాకపోవడం వేరే జబ్బు. ఈఏపీసెట్ హాల్ టికెట్ దించుకోవలసిన రోజో, బ్యాంకు యాప్‌తో పని పడిన రోజో ఇది బయటపడుతుంది. ఆ ఫోనును మొబైల్ డేటాకు మార్చి చూడండి. అక్కడ వచ్చి వైఫైలో రాకపోతే అనుమానం ఫిల్టర్ మీదకు వెళుతుంది. ఖాతా ఉన్న సర్వీసయితే లాగ్‌లో ఆ నిమిషంలో ఏ పేరు ఆగిందో చూసి, ఆ ఒక్క పేరును అనుమతించండి. చిరాకుపడి ఫిల్టర్‌ను మొత్తంగా తీసేసినవారు దాన్ని మళ్లీ పెట్టడం నేను చూడలేదు.

కొన్ని సర్వీసులు ఆపిన సైటు స్థానంలో తమ హెచ్చరిక పేజీ చూపిస్తాయి. హెచ్‌టీటీపీఎస్ సైట్ల విషయంలో ఆ పేజీకి బదులు బ్రౌజర్ సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది. అది చూసి కంగారు పడకండి, అయినా ముందుకు వెళ్తాను అన్న లింకు మాత్రం నొక్కకండి.

రూటర్ భద్రత

రూటర్ అడ్మిన్ పేజీ ఎవరి చేతికి చిక్కితే మీ ఇంటి డీఎన్ఎస్ వారి చేతిలో ఉన్నట్టే. డీఎన్ఎస్‌చేంజర్ అనే వైరస్ చేసింది ఇదే: కంప్యూటర్లలోనూ రూటర్లలోనూ డీఎన్ఎస్ నంబర్లు మార్చేసి జనాన్ని నకిలీ పేజీలకు పంపింది. 2011లో ముఠాను పట్టుకున్నాక, బాధితుల నెట్ ఆగిపోకుండా వారి సర్వర్ల స్థానంలో మంచి సర్వర్లను 2012 జులై 9 వరకు నడపవలసి వచ్చింది.

కాబట్టి స్టిక్కర్ మీది అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వైఫై పాస్‌వర్డ్‌నే దానికీ పెట్టకండి. ఇంటి పేరు, పుట్టిన సంవత్సరం కలిపిన పాస్‌వర్డ్‌ను పదో తరగతి పిల్లవాడు టిఫిన్ తినేలోపు ఊహిస్తాడు. రిమోట్ మేనేజ్‌మెంట్, డబ్ల్యూపీఎస్ (బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలో చేర్చుకునే సౌకర్యం) ఆపేయండి; యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే రూటర్ పోర్టులు తెరుచుకునే సౌకర్యం) అవసరం లేకపోతే అదీ ఆపేయండి. ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చిందేమో అప్పుడప్పుడు చూడండి. కంపెనీ అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన రూటర్‌ను ఎంత బాగా నడుస్తున్నా మార్చేయండి.

ఇంట్లోనే పైహోల్ నడుపుతూ, ఆఫీసులో ఉన్నా అదే వాడుకోవాలని 53వ పోర్టును బయటకు తెరిచేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరు అడిగినా జవాబిచ్చే సర్వర్‌ను దుండగులు గంటల్లో కనిపెడతారు. చిన్న ప్రశ్న పంపి, పెద్ద జవాబు ఇంకెవరి నెత్తినో పడేలా చేస్తారు. దాడి చేసింది మీ ఇంటి కనెక్షన్ అని కనిపిస్తుంది. బయటనుంచి కావాలంటే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ (బయటనుంచి ఇంటి నెట్‌వర్క్‌కు గుప్తమైన దారి) పెట్టుకుని ఇంట్లోకి రండి.

ఫిల్టర్ ఆపలేనివి ఏమిటో ఇంట్లో పెద్దవారికి కూడా చెప్పి ఉంచండి. బిల్లు కట్టలేదు కాబట్టి ఈ రాత్రి కరెంటు తీసేస్తామని వచ్చే ఎస్ఎంఎస్‌లోని లింకు అంతకుముందే జాబితాకెక్కి ఉంటే ఆగుతుంది. ఆ ఉదయమే పుట్టిన పేరయితే ఆగకపోవచ్చు. అందులో ఫోన్ నంబరు మాత్రమే ఉంటే ఫిల్టర్‌కు ఆ మోసంతో సంబంధమే లేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్నది అందరికీ గుర్తుండాలి.

అన్నీ కుదిరాక రూటర్ సెట్టింగులను బ్యాకప్ ఫైలుగా దించి దాచండి, ముఖ్యమైన నాలుగు నంబర్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. లైను బాగుచేయడానికి వచ్చే టెక్నీషియన్ చేసే మొదటి పని తరచుగా బాక్సు వెనకున్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయడమే. ఆయన మీద కోపం తెచ్చుకోకండి, ఆయనకు కావలసింది పచ్చ దీపం వెలగడం. కానీ అతను మెట్లు దిగకముందే మీ పరీక్షా పేజీ ఒకసారి తెరిచి చూడండి; ఫిల్టర్ పనిచేయడం లేదని తేలితే బీరువాలోని కాగితం బయటకు తీయండి.